మా రాష్ట్రం వేరు కదా, నేనెందుకు వెళ్లాలి?

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల. మావారి ఉద్యోగం వల్ల మూడేళ్లుగా ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో ఉంటున్నాం. ఇక్కడ మాకు పరిచయమైన తెలుగువాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లే. మొన్న ఉగాదికి అందరూ కలిస్తే, మా పద్ధతిలో కొత్త కుండలో పచ్చడి చేసి పట్టుకెళ్లాను. ‘ఇది పచ్చడా, పానకమా?’ అని నవ్వారు. నా యాసలో మాట్లాడి మళ్లీ నవ్వారు. పక్కనే ఉన్న మా పదకొండేళ్ల పాప ఆ రోజు నుంచి బయట తెలుగు మాట్లాడటం మానేసింది. ఇప్పుడు ఇక్కడి మైత్రీబాగ్ పార్కులో కార్తీక వనభోజనాలకి రమ్మంటున్నారు. 2014 నుంచి మా రాష్ట్రమే వేరు కదా, నేనెందుకు వెళ్లాలి?
– ఒక సోదరి, భిలాయ్

జవాబు: చెల్లెమ్మా, వాళ్లు చేసింది తప్పు. తెలంగాణలో ఉగాది పచ్చడి గ్లాసుల్లో పోసుకుని తాగేంత పల్చగానే చేస్తారు. చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు అన్నీ అవే, నీళ్ల పాళ్లే తేడా. పాప మాట ఆగిపోయిందని చదివాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు.

రాష్ట్రం సంగతి చెప్తాను. మా తాత సోంపేట నుంచి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కి, బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) వర్క్‌షాప్‌లో పనికి వెళ్లేనాటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. 1936లో విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి 1955లో ఒప్పందం కుదిరేనాటికి మీ జగిత్యాల హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. తాత ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లని వెతుక్కుంది సెలవు రోజు తన భాషలో నాలుగు మాటలు మాట్లాడుకోడానికి. ఎవరిది ఏ రాష్ట్రమని అడిగి కాదు.

నా చిన్నప్పుడు అక్కడే ఒక వనభోజనాలకి వరంగల్ ఆవిడ ఒకరు వచ్చారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన కుటుంబం. చాప చివర ఒక్కతే కూర్చుంది. మా అమ్మ బుట్టెడు బంగాళాదుంపలు, కత్తిపీట తెచ్చి ముందు పెట్టి ‘ఒక చెయ్యి వెయ్యమ్మా’ అంది. ‘ఆలుగడ్డల పొట్టు తియ్యాల్నా అక్కా?’ అని అడిగిందావిడ. ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ వెంటనే ‘మన వీధిలో కూరగాయల బండి అతనూ ఆలూ అనే అంటాడు, అతన్ని చూసి నవ్వామా?’ అంది. బుట్ట ఖాళీ అయ్యేసరికి ఇద్దరూ పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ సంక్రాంతికి ఆవిడ మా క్వార్టర్‌కొచ్చి తడిగుడ్డ మీద సకినాలు చుట్టడం నేర్పింది. అమ్మ చుట్టిన మొదటి వరస మధ్యలో తెగిపోతే, అమ్మ వేళ్లు పట్టుకుని పిండిని మెలితిప్పి చూపించింది. నువ్వులు, వాము కలిపిన ఆ బియ్యప్పిండి వాసన ఇప్పటికీ నాకు సంక్రాంతి వాసనే.

అందుకే వెళ్లమంటాను. పన్నెండింటికి భోజనాల వేళకి కాకుండా పొద్దున్నే, కూరగాయలు తరిగేటప్పుడు వెళ్లండి. కుర్చీల్లో కూర్చుంటే పరిచయాలు అంతంత మాత్రంగానే ఉంటాయి. ముందు రోజే ఆ బృందంలో పెద్దావిడ ఎవరో చూసి, ఉగాది నాడు పాప ఎంత నొచ్చుకుందో సూటిగా చెప్పండి. చాలామంది తాము బాధపెట్టామని కూడా ఎరగరు. చెప్పాక కూడా నవ్వితే, అప్పుడు మానెయ్యండి, తప్పేం లేదు. కులాలవారీగా పెట్టుకునే వనభోజనాలకి పిలిస్తే మాత్రం మొదటే వద్దనండి. ఇంటిపేర్లు అడిగి ఆకు వేసేచోట పాప నేర్చుకునేదేమీ లేదు.

వచ్చే ఉగాదికి పచ్చడి రెండు కుండల్లో పెట్టిద్దామని ఇప్పుడే అడగండి. మీ కుండ పక్కన గ్లాసులు పెట్టి, పాప చేత పోయించండి.