బెజవాడ డాబా మీద సోలార్ గిట్టుబాటవుతుందా?

విజయవాడలో సొంత డాబా, నెలకు 300 యూనిట్ల వాడకం, సోలార్ పెట్టించొచ్చా అని అడిగారు. మీ వాడకానికి గిట్టుబాటే. వంద లోపు కాల్చే ఇల్లయితే తొందరపడొద్దనేవాణ్ణి.

అసలు కిటుకు కరెంటు బిల్లు శ్లాబుల్లో ఉంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుంది కదా, సోలార్ ముందుగా కోసేది ఆ పై శ్లాబు ఖరీదైన యూనిట్లనే. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, అంటే 2 కిలోవాట్లకు నెలకు 240. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 ఆపైన 78 వేలు సబ్సిడీ. నెట్ మీటర్ (మనం వాడే కరెంటుతో పాటు లైన్లోకి పంపే కరెంటునూ లెక్కించే మీటర్) బిగించాకే సబ్సిడీ ఖాతాలో పడుతుంది, కాబట్టి ముందు డబ్బో లోనో చూసుకోవాలి.

మే ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ వస్తుందని మాత్రం అనుకోకండి. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి, కాగేకొద్దీ తగ్గుతాయి. కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తుగా వేయించండి. నీళ్ల ట్యాంకు నీడ పడకూడదు. దుమ్ము పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి.

చాలామంది ముందు అడగని సంగతి ఇంకోటుంది: బ్యాటరీ లేని మామూలు సిస్టమ్, లైన్లో కరెంటు పోతే పట్టపగలైనా ఆగిపోతుంది. ప్యానెళ్ల కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. కోతలే మీ టెన్షన్ అయితే పాత ఇన్వర్టర్ అమ్మేయకండి.