టర్కీ పుంజు బదులిస్తుంది, దగ్గరికి మాత్రం రాదు. ఎందుకు?

అమెరికాలోని మిస్సోరీలో టర్కీ వేటకు మీకిది మొదటి సీజన్. తెల్లవారుజామున పుంజు మీ కూతకు బదులిస్తోంది, 70 గజాల దాకా వచ్చి ఆగి, వెనక్కి పోతోంది, కాల్ (కూత పుట్టించే పరికరం) మార్చాలా అని అడిగారు. కాల్ మార్చక్కర్లేదండి, కూర్చునే చోటు మార్చండి.

ఏప్రిల్‌లో అడవి టర్కీ పుంజు ఉన్నచోటే నిలబడి కూస్తుంది, పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. మనం పెట్టలా కూసి పుంజునే రమ్మంటున్నాం. అది కొంతదూరం వస్తుంది. కూత వచ్చిన చోటు కళ్లకు కనపడగానే ఆగి, మెడ నిక్కించి చూస్తుంది. అక్కడ పెట్ట లేదు, ఇక ముందుకు అడుగు పడదు. అందుకే అలా తొంగిచూసే చోటు మీ తుపాకీకి 30 గజాల లోపు ఉండేలా కూర్చోవాలి. పాత బండిదారి మలుపు, చిన్న మిట్ట అంచు, పొద చివర ఇందుకు పనికొస్తాయి. నూరు గజాలు బారుగా కనపడే చోటు మనకెంత నచ్చుతుందో, దూరంనుంచే అనుమానపడటానికి దానికీ అంత అనువు. మధ్యలో వాగో కంచో ఉన్నా ఇదే కథ: ఎగిరి దాటగలదు, అయినా చాలాసార్లు దాటదు.

ముందురోజు పొద్దుగూకే వేళ గుడ్లగూబలా కూసి, అది బదులిచ్చేదాన్నిబట్టి పుంజు ఏ చెట్టెక్కిందో పసిగట్టండి. మర్నాడు సూర్యోదయానికి గంట ముందే, టార్చి వెలుగు దాని వైపు పడకుండా, 100 నుంచి 150 గజాల్లో కూర్చోండి. ఇంకా దగ్గరికి వెళ్తే చీకట్లోనే లేచిపోతుంది. యెల్ప్ అంటే పెట్ట మామూలు పిలుపు. చెట్టుమీద ఉండగా ఒకటి రెండు మెత్తటి యెల్ప్‌లు చాలు. ఎక్కువ కూస్తే పెట్టే తన కిందికి వస్తుందని కొమ్మమీదే కాచుకుంటుంది. రెక్కల చప్పుడు విని, దిగిందని తేలాక మూడు నాలుగు యెల్ప్‌లు. దగ్గరవుతుంటే నోరు మూసుకోవడమే విద్య. మూత రుద్ది కూత పుట్టించే చెక్కపెట్టె, అంటే బాక్స్ కాల్‌కు చెయ్యి కదపాలి, కాబట్టి చివరి 50 గజాల్లో దాన్ని కింద పెట్టేయండి. ‘పట్, పట్’ అని తెగ్గొట్టినట్టు వినిపిస్తే మిమ్మల్ని చూసేసిందన్నమాట.

కూత ఆగిపోగానే లేచిపోవడం కొత్తవాళ్ల రెండో పొరపాటు. చాలా పుంజులు చివర్లో మౌనంగానే వస్తాయి. ఇంకో అరగంట కూర్చోండి. ఉదయం 10 తర్వాత పెట్టలు గుడ్లకు పోతే పుంజు ఒంటరవుతుంది, ఆ వేళకు మిగతా వేటగాళ్లు వెళ్లిపోయి అడవి కూడా ఖాళీ.

టర్కీకి వాసన పట్టే శక్తి తక్కువ, చూపు మాత్రం అమోఘం. భుజాలకన్నా వెడల్పైన చెట్టుకు ఆనుకోండి. కుడిచేతివాళ్లయితే ఎడమ భుజం పుంజు వచ్చే దిక్కుకు, తుపాకీ మోకాలిమీద. దాని తల చెట్టు చాటుకు వెళ్లినప్పుడే కదలాలి.

గురి విషయం. 12 గేజ్ (తుపాకీ గొట్టం కొలత), ఫుల్ చోక్ (పెల్లెట్లు చెదరకుండా గొట్టం మూతిని ఇరుకుచేసేది), 5 లేదా 6 నంబరు సీసం తూటా (నంబరు పెరిగేకొద్దీ లోపలి పెల్లెట్లు, అంటే గుండ్లు, చిన్నవి) అయితే 40 గజాలు హద్దు. సీజన్‌కు ముందు కాగితం మీద 40 గజాల్లో కాల్చి, 10 అంగుళాల వలయంలో నూరు పెల్లెట్లు పడుతున్నాయో లేదో లెక్కపెట్టండి. పడకపోతే చోకో తూటానో మార్చండి, లేదా మీ హద్దు తగ్గించుకోండి. మెడమీద ఎర్ర బొడిపెలు ఈకల్లో కలిసేచోట గురిపెట్టాలి. తోక విప్పి ఉబ్బినప్పుడు మెడ ముడుచుకుంటుంది, తల ఎత్తేదాకా ఆగండి. 10 గజాల్లో పెల్లెట్లు పిడికిలంత గుంపుగానే పోతాయి, అందుకే మరీ దగ్గరలోనే గురి తప్పుతుంది. చూద్దామని చెంప స్టాక్ (భుజానికి ఆనే తుపాకీ వెనక భాగం) మీంచి లేపితే దెబ్బ పైకి పోతుంది.

మిస్సోరీలో 4 నంబరుకన్నా పెద్ద పెల్లెట్లు నిషిద్ధం. పక్షి పడిన రోజే రాత్రి 10 లోపు టెలిచెక్ చేయాలి, అంటే రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో తెలపాలి. హెచ్‌1బి, ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లకు ఇంకో ముఖ్యమైన మాట: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా మీరు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. స్నేహితుడి తుపాకీ ‘ఒక్కసారి’ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది.

ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు, పుంజు తల రంగులే అవి. కూత వినపడినవైపు పొంచి వెళ్లకండి, కూసేది ఇంకో వేటగాడు కావచ్చు. వేరే మనిషి కనపడితే చెయ్యి ఊపకుండా గట్టిగా మాట్లాడండి. పడిన పక్షిని నారింజ గుడ్డలో చుట్టి మోయండి.

రొమ్ము మాంసం త్వరగా ఎండిపోతుంది, సన్నగా కోసి వేపుడుకు వాడుకోండి. కాళ్లలో నరాలు ఎక్కువ. ముదురు నాటుకోడిలా కుక్కర్లో బాగా ఉడికించి పులుసు పెట్టొచ్చు. ముందు మెడ దగ్గరి మాంసంలో పెల్లెట్లు వేలితో తడిమి తీసేయండి.