తుంటి మార్పిడి చేయించుకున్నారు.. నడక మెరుగవుతోందా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. తుంటి కీలు అరిగిపోవటంతో ఏడు వారాల కిందట కీలు మార్పిడి చేశారు. నొప్పి దాదాపు పోయింది. వాకర్‌ మానేసి చేతికర్రతో తిరుగుతోంది. కానీ కాస్త కుంటుతోంది. అడిగితే ‘బాగానే నడుస్తున్నా కదా’ అంటుంది. నడక నిజంగా మెరుగవుతోందో లేదో ఇంట్లో తెలుసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: తెలుసుకోవచ్చు. అమ్మగారు చెప్పేదాంట్లోనూ నిజముంది. ఏళ్ల తరబడి వేధించిన నొప్పి పోయేసరికి నడక కూడా బాగుపడినట్టే అనిపిస్తుంది. అయితే నొప్పి కొద్ది వారాల్లో తగ్గినా కండరాల బలం రావటానికి నెలలు పడుతుంది. అందుకే ఆమె మాటతో పాటు గడియారాన్నీ చూడండి.

చేతులున్న, కాస్త ఎత్తయిన కుర్చీ వేయండి. దానికి 3 మీటర్ల దూరంలో నేల మీద టేపు అంటించండి. అమ్మగారు కుర్చీలోంచి లేచి, ఎప్పటిలాగే నడుచుకుంటూ టేపు దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. మొత్తం ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో చూడండి. దీన్ని ‘టైమ్డ్‌ అప్‌ అండ్‌ గో’ పరీక్ష అంటారు. పెద్దవాళ్లలో 12 సెకన్లు దాటితే పడిపోయే ముప్పు ఎక్కువని భావిస్తారు. ఏడో వారంలో, అదీ కర్రతో నడిచేవారికి ఇంతకన్నా ఎక్కువ పట్టటం మామూలే, కంగారు పడొద్దు. వారానికోసారి అదే కుర్చీ, అవే చెప్పులు, అదే కర్రతో చూసి రాసిపెట్టుకోండి. సెకన్లు తగ్గుతూ వస్తే సరైన దారిలో ఉన్నట్టే. పక్కింటావిడతో పోల్చకండి. పరీక్ష చేసేటప్పుడు ఎవరో ఒకరు పక్కనే ఉండాలి.

సమయం ఒక్కటే కాదు, నడక తీరునూ గమనించండి. ఆపరేషన్‌ చేసిన కాలు మీద బరువు పడినప్పుడు ఒళ్లు అటువైపు ఒరుగుతోందా? అయితే తుంటి పక్క కండరాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయని అనుమానించాలి. చాలామంది కర్రను ఆపరేషన్‌ అయిన వైపే పట్టుకుంటారు. అది తప్పు. రెండో చేత్తో పట్టుకోవాలి. అప్పుడే తుంటి మీద భారం తగ్గుతుంది. కుంటు ఉన్నన్నాళ్లూ కర్ర మానేయొద్దు. సర్జన్‌ని అడిగి, ఫిజియోథెరపిస్టు దగ్గర ఈ కండరాలకు వ్యాయామాలు నేర్చుకోండి.

ఆసుపత్రిలో ‘హారిస్‌ హిప్‌ స్కోర్‌’ వేసి ఉంటే ఆ కాగితం జాగ్రత్తగా చూడండి. తుంటి ఎంత బాగుందో మార్కుల్లో చెప్పే ఈ పద్ధతి 1969లో వచ్చింది. ఇందులో మొత్తం 100 మార్కులు. అందులో నొప్పికే 44. కుంటుకు 11, ఊతానికి 11, నడవగలిగే దూరానికి 11. అంటే నొప్పి పోతే చాలు, మార్కులు బాగా పెరిగిపోతాయి. అందుకే మొత్తం చూసి సంతోషపడిపోకుండా కుంటుకు ఎన్ని వేశారో విడిగా అడగండి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో కొలిచే పరీక్ష కూడా ఉంది. దాన్ని ఆసుపత్రిలోనే చేయించండి.

నడకలో ఎక్కువ మార్పు మొదటి మూడు నెలల్లో కనిపిస్తుంది. తర్వాత ఏడాది వరకూ మెల్లగా మెరుగవుతుంది. మూడు నెలలు దాటినా కుంటు అలాగే ఉన్నా, సెకన్లు తగ్గకపోయినా మీరు రాసుకున్న కాగితం తీసుకెళ్లి సర్జన్‌కు చూపించండి. కాలు పొడుగైనట్టు అనిపిస్తోందని మీ అంతట మీరే చెప్పులకు మడమ ఎత్తు పెంచొద్దు. సర్జన్‌ చెప్పేదాకా కింద కూర్చోవటం, పొట్టి పీటలు వద్దు.

తుంటిలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చి కాలు మోపలేకపోయినా, పిక్క వాచి నొప్పి పెడుతున్నా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము, రసి కారుతున్నా వెంటనే ఆపరేషన్‌ చేసిన డాక్టర్‌ను కలవాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి మొదలైతే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్‌ చేయండి.