అమ్మే ముందు డిలీట్ చేస్తే సరిపోతుందా? నా అనుభవం

మీ పాత ల్యాప్‌టాప్ అమ్మబోతున్నారనీ, ఫైళ్లన్నీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారనీ రాసి, ఇంకేమైనా చేయాలా అని అడిగారు. చేయాలి. ఎందుకో నాకు 2018లో తెలిసివచ్చింది.

ఆ ఏడాది సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో 500 జీబీ పాత హార్డ్‌డిస్క్ కొన్నాను. "ఫార్మాట్ చేసే ఇస్తున్నాం సార్" అని దుకాణదారు భరోసా ఇచ్చాడు. మా అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటోలను అందులో దాచి, కొన్ని వారాలకే ఏమరుపాటున ఆ ఫోల్డర్‌నే తొలగించాను. తిరిగి రాబట్టడానికి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపించాను. తెల్లవారి చూస్తే, పేర్లు పోయి అంకెలు మాత్రమే మిగిలిన వేలాది ఫైళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. కేకు ముందు కూర్చున్న మా అమ్మాయి ఫొటో పక్కనే ఎవరిదో పదో తరగతి మార్కుల మెమో, దాని పక్కన ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌పుస్తకం మొదటి పేజీ, వేలిముద్రలతో సహా ఒక ఇంటి విక్రయ దస్తావేజు కనిపించాయి. ఆ డిస్క్ ఏదో జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌లోనిదని అర్థమైంది. "ఇక చాలు, పరాయివాళ్ల కాగితాలు చూడకూడదు" అని మా ఆవిడ మందలించేదాకా నేను తెరుస్తూనే ఉన్నాను.

అడంగల్‌లో రైతు పేరు కొట్టేసినంత మాత్రాన చేలో పంట మాయం కాదు. డిలీట్ చేసినా, డిస్క్‌ను క్షణాల్లో ఖాళీగా చూపించే క్విక్ ఫార్మాట్ చేసినా జరిగేది అంతే. ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టీలో మాత్రమే మార్పు జరుగుతుంది, అసలు సమాచారం మరొకటి దానిమీద రాసేవరకూ అలాగే ఉంటుంది. మన ఊళ్లలో వాట్సాప్‌లో ఆధార్ తెప్పించుకుని ప్రింటు తీసే ప్రతి దుకాణంలోనూ ఇదే పరిస్థితి అని నా గట్టి నమ్మకం. ప్రింటు చేతికి రాగానే నా ఎదుటే తొలగించమని నేను అడుగుతాను, వాళ్లు విసుక్కుంటారు. పైన చెప్పిన కారణం వల్ల ఆ తొలగింపు కూడా సగం పనే.

హార్డ్‌డిస్క్ అయితే మొత్తం ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు. విండోస్ విస్టా నుంచి, క్విక్ అనే టిక్కు తీసేసి చేసే ఫార్మాట్ ఈ పనే చేస్తుంది. 35 సార్లు తిరగరాయాలని ఇప్పటికీ కొందరు పండితులు చెబుతుంటారు. ఆ లెక్క 1996లో పీటర్ గట్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన పత్రంలోది, ఆనాటి రకరకాల డిస్కులన్నింటినీ దృష్టిలో పెట్టుకుని వేసినది. నేటి డిస్కులకు అది అనవసరమని తరువాత ఆయనే స్పష్టం చేశారు.

ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలోనే సమాచారం దాచే డ్రైవ్, సంగతి వేరు. అందులోని మెమరీ గదులు సమానంగా అరిగేలా లోపలి కంట్రోలర్ అనే నియంత్రణ చిప్ రాతలను ఎప్పటికప్పుడు చోటు మారుస్తుంది కాబట్టి, మీరు ఒక ఫైలుమీద సున్నాలు రాశాననుకున్నా అవి వేరే గదికి చేరి, పాత ప్రతి ఎక్కడో మిగిలిపోవచ్చు. అందుకే కొన్న రోజే విండోస్‌లోని బిట్‌లాకర్ అనే సదుపాయంతో డ్రైవ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం, అంటే తాళంచెవి లాంటి రహస్య సంకేతం లేనిదే చదవలేని రూపంలోకి మార్చుకోవడం ఉత్తమం. అమ్మేనాడు ఆ తాళంచెవి చెరిపేస్తే మిగిలినదంతా అర్థంలేని అక్షరాలే. ఇప్పటిదాకా అలా చేయకపోతే, కావలసినవన్నీ వేరేచోట కాపీ చేసుకున్నాక, విండోస్ రీసెట్‌లో అన్నీ తీసివేయమని చెప్పి, సెట్టింగ్స్ మార్చే చోట డేటాను శుభ్రం చేసే ఎంపికను తప్పక ఆన్ చేయండి. దానికి గంటలు పడుతుందని విండోస్ భయపెడుతుంది, పట్టనివ్వండి. మీ యంత్రంలో ఉన్నది హార్డ్‌డిస్కో ఎస్‌ఎస్‌డీయో తెలియకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. కొత్త విండోస్‌లో డిస్క్ పేరు కిందనే రాసి ఉంటుంది.