తక్కువ అద్దె నిజంగా తక్కువేనా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా నాలుగు నెలల్లో నేను, నా భార్య, బడికి వెళ్లే మా అమ్మాయి మరో నగరానికి మారవలసి ఉంది. ఆఫీసుకు దగ్గరి ప్రాంతంలో ఇంటి అద్దె నా జీతంలో 32 శాతం అవుతుంది. నగరం చివర 22 శాతానికే దొరుకుతోంది. అద్దెలు కట్టే బదులు వెళ్లగానే ఇల్లు కొనుక్కోమని బంధువులు చెబుతున్నారు. ఏ లెక్కన నిర్ణయించుకోవాలి?

జవాబు: మీరు అద్దెను అద్దెతోనే పోలుస్తున్నారు. అద్దెకు రాకపోకల ఖర్చును కూడా కలిపి, ఆ మొత్తాలను పోల్చండి. నగరం చివర అద్దె తగ్గడానికి ముఖ్య కారణం దూరమే కనుక, అక్కడ మిగిలినట్లు కనిపించే డబ్బులో చాలా భాగం ప్రయాణాలకే పోతుంది. ఉదాహరణకు దగ్గరి ఇంటి నుంచి రాకపోకలకు జీతంలో 3 శాతం, దూరపు ఇంటి నుంచి 11 శాతం ఖర్చయితే, మొత్తాలు 35, 33 అవుతాయి. పది శాతంగా కనిపించిన తేడా రెండు శాతానికి వచ్చింది. ఇక సమయం సంగతి: ఒకవైపు ప్రయాణం 20 నిమిషాలకు బదులు 75 నిమిషాలు పడితే, నెలకు 22 పనిదినాల లెక్కన సుమారు 40 గంటలు అదనంగా దారిలోనే గడుస్తాయి. మీ భార్య ఉద్యోగం చేస్తారో లేదో మీరు రాయలేదు. చేసేటట్లయితే ఆమె ప్రయాణాన్ని కూడా తప్పక లెక్కలో చేర్చండి. చాలా ఇళ్లలో ఈ లెక్క ఒక్కరి ఆఫీసు చుట్టూనే తిరగడం నాకు బాధ కలిగిస్తుంది.

అద్దె జీతంలో 30 శాతం దాటకూడదన్న మాట మీరూ వినే ఉంటారు. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దెకు 1969లో చట్టం 25 శాతం హద్దు పెట్టింది, 1981లో దానిని 30కి పెంచారు. ఆ అంకె అలా వాడుకలోకి వచ్చింది. అందులో దూరం ఊసే లేదు. అక్కడి సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటినీ రాకపోకలనూ కలిపి ఆదాయంలో 45 శాతం లోపు ఉండాలన్న కొలత వాడుతుంది. మీ ప్రశ్నకు ఇదే దగ్గరగా ఉంది.

ప్రకటనల్లో కనిపించేవి యజమానులు అడుగుతున్న అద్దెలే తప్ప, ఇప్పటికే అక్కడ ఉంటున్నవారు కడుతున్నవి కావు. పైగా నాలుగు విశాలమైన ఇళ్లుంటే ఆ ప్రాంతపు సగటు అద్దె పెరిగిపోతుంది కనుక సగటును కాక మధ్యగతాన్ని, అంటే అద్దెలన్నిటినీ వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చే అద్దెను చూడండి. గోడల లోపలి వైశాల్యం ఎంతో అడిగి, చదరపు అడుగుకు ఎంత పడుతుందో పోల్చండి. మెయింటెనెన్స్ విడిగా ఉంటే దానిని అద్దెలో కలపండి.

కొనుగోలు విషయంలో తొందర వద్దు. ఇంటి ధరను అలాంటి ఇంటి ఏడాది అద్దెతో భాగించండి. ఫలితం 15 లోపు ఉంటే కొనడం, 20 దాటితే అద్దెకు ఉండడం లాభమన్నది స్థూలమైన కొలత. వడ్డీ రేటును బట్టి అది మారుతుంది. ముందు అమ్మాయి బడిని ఖాయం చేసుకుని, ఆ తరువాతే ఇల్లు వెతకండి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పనిరోజు ఉదయం ఆ ఇంటి నుంచి ఆఫీసుకు మీరే స్వయంగా వెళ్లి చూడండి, రాత్రి పూట ఒకసారి ఆ వీధిలో నడవండి, నీటి సంగతి ఇంటి యజమానిని కాక పక్కింటివారిని అడగండి.