గ్రంథపాలకుల సంఘంలో చేరితే ప్రయోజనం ఉందా? విశాఖ నుంచి నా అనుభవం

మీ ప్రశ్న ఇది: లైబ్రరీ సైన్సులో పీజీ పూర్తిచేసి గాజువాక వైపు ఒక ప్రైవేటు కళాశాలలో గ్రంథపాలకురాలిగా చేరారు. జీతం అంతంతమాత్రం. సీనియర్లు సంఘంలో చేరమంటున్నారు. రుసుము కట్టడం దండగేమో అని మీ అనుమానం. అసలు సంఘం ముందుగా ఏ పని చేయాలి అని కూడా అడిగారు.

నా సలహా చేరమనే. అయితే శాలువాలు కప్పే సభలకు వెళ్లి కూర్చోవడానికి మాత్రం కాదు. విశాఖలోనే కళాశాల గ్రంథాలయాల్లో చాలా ఏళ్లు పనిచేశాను, కొంతకాలం స్థానిక సంఘం కార్యవర్గంలోనూ ఉన్నాను. కాబట్టి లోపలి నుంచి చూసినవే చెబుతాను.

మన సభల్లో మొదటి ఉపన్యాసం ఎప్పుడూ 1914లో బెజవాడలో మొదలవుతుంది. ఆ ఏడాది ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగారు, కాలువల్లో పడవల మీద కూడా పుస్తకాలు ప్రయాణించాయి. నిజంగా గర్వపడాల్సిన చరిత్రే. 1935లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టిందని చెప్పుకునేటప్పుడు మా ఊరివాళ్లకు ఇంకాస్త ఉత్సాహం. కానీ అది పాఠకుల ఉద్యమం. అందులో తిరిగినవారు జీతం కోసం తిరగలేదు. ఇప్పుడున్నది ఉద్యోగుల సంఘం. దీని పని వేరు. ఉద్యమం పేరు చెప్పి ఆ పనిని వాయిదా వేస్తున్నాం. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యాయంటే కార్యవర్గానికి ఊపిరి సలపదు. డిసెంబరులో కాంట్రాక్టు రద్దయిన అమ్మాయి ఫోను చేస్తే మాట్లాడేవారు దొరకరు.

నా లెక్కలో మొదటి ప్రాధాన్యం మీలాంటివారే. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో కళాశాల గ్రంథపాలకుడి అర్హతలు, జీతం అధ్యాపకుల సరసనే ఉంటాయి. చాలా ప్రైవేటు కళాశాలల్లో జరిగేది మీరు చూస్తూనే ఉన్నారు: పరీక్షల ఇన్విజిలేషన్, అడ్మిషన్ల ఫోన్లు, ఫీజు రసీదులు అన్నీ అయ్యాక మిగిలిన సమయంలో గ్రంథాలయం. నేను పనిచేసిన ఒక కళాశాలలో కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు సందర్శకుల రిజిస్టరును రంగురంగుల పెన్నులతో నింపమన్నారు. అప్పుడు కావలసింది ఉపన్యాసం కాదు. యాజమాన్యానికి మర్యాదగా ఒక లేఖ రాయగల సంఘం, నియామక పత్రంలో ఏమేమి ఉండాలో చెప్పే ఒక నమూనా పత్రం ఉంటే చాలు. ఇంత చిన్న పని ఎందుకు జరగదంటే, సంఘంలో పెత్తనం ఎక్కువగా పింఛను తీసుకునేవారిది. వారిని తప్పుపట్టడం లేదు. వారికి తీరిక ఉంది, వారు లేకపోతే సంఘం ఎప్పుడో మూతపడేది. కానీ కాంట్రాక్టు బాధ వారి బాధ కాదు.

రెండో చిక్కు, మనం ఒకే వృత్తివాళ్లమే గానీ నలుగురు యజమానుల కింద ఉన్నాం. శాఖా గ్రంథాలయంలో పనిచేసేవారిది జిల్లా గ్రంథాలయ సంస్థ, మీది యాజమాన్యం, విశ్వవిద్యాలయంవారిది మరో లోకం. ఇక బడుల్లో చాలాచోట్ల పోస్టే లేదు. ఒకే వినతిపత్రం అందరికీ సరిపోదు. పౌర గ్రంథాలయాల డబ్బు సంగతే చూడండి. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. మనం కట్టేస్తాం, స్థానిక సంస్థల నుంచి అది గ్రంథాలయ సంస్థకు జమకావడం మాత్రం ఎప్పుడూ ఆలస్యమే. పోస్టులు ఖాళీగా ఉండటానికీ కొత్త పుస్తకాలు రాకపోవడానికీ మూలం చాలావరకు ఇక్కడే. దీని మీద సంఘం సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి, ఏడాదికోసారి బకాయిల పట్టిక ప్రకటిస్తే పత్రికలే మిగతా పని చూసుకుంటాయి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. ఇది సంఘం మాత్రమే చేయగల పని. మన ఊరి రచయిత రావిశాస్త్రినే తీసుకోండి. ఒక పుస్తకం అట్ట మీద అలాగే ఉంటుంది, ఇంకోదాని మీద రాచకొండ విశ్వనాథశాస్త్రి అని ఉంటుంది. పుస్తకాల జాబితా కోసం గ్రంథాలయాల్లో వాడే కోహా లాంటి సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు ముందు రాసి, కామా పెట్టి, తరువాత పేరు రాయమంటుంది. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుందని తెలియని ఆపరేటర్ చివరి మాటను ముందుకు లాగి ‘శాస్త్రి, రాచకొండ విశ్వనాథ’ అని కొడతాడు. పుస్తకం వెన్ను మీద అంటించే చీటీలో వర్గీకరణ సంఖ్య కింద రచయిత పేరు మొదటి అక్షరాలు రాస్తాం కదా, అలా ఒకే మనిషి పుస్తకాలు ఒకే అలమరలో ‘రావి’, ‘రాచ’, ‘శాస్త్రి’ అని మూడుచోట్ల విడిపోతాయి. అడిగిన విద్యార్థి ఒకచోట చూసి లేవనుకుని వెళ్లిపోతాడు. దీనికి తోడు పాత జాబితాలు ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కిస్తే తెర మీద పేర్ల బదులు పిచ్చి గుర్తులు. ఈ తలనొప్పి ప్రతి కళాశాలా విడివిడిగా పడుతోంది. తెలుగు రచయితల ప్రామాణిక పేర్ల పట్టిక ఒకటి అందరూ కలిసి తయారుచేసుకుంటే, ఒకరు సరిదిద్దింది వందమందికి పనికొస్తుంది. రెండుసార్లు ప్రతిపాదించాను. ‘మంచి ఆలోచన’ అని మినిట్స్‌లో రాసుకున్నారు, అంతే.

పరిశోధన పత్రికల చందాల దగ్గరా ఇలాంటి అవకాశమే ఉంది. కేంద్రం ‘ఒక దేశం, ఒక చందా’ పథకాన్ని 2024 నవంబరులో ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పత్రికలు. అయితే అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని సంస్థలకు. ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థి తెరవగల వ్యాసం మీ విద్యార్థికి తెరుచుకోదు. జిల్లాలోని ప్రైవేటు కళాశాలలన్నీ కలిసి బేరమాడితే ధర తగ్గుతుంది. ఆ బేరం ఏ ఒక్క కళాశాల వల్లా కాదు.

రుసుము సంగతికి వస్తే, జీవిత సభ్యత్వం ఇప్పుడే తీసుకోకండి. ఏడాది సభ్యత్వం చాలు. రసీదు అడగండి, సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదువుతారా లేదా చూడండి. మీలాంటి మరో ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టువారిని వెంట తీసుకెళ్లి, కార్యవర్గంలో కనీసం ఒక స్థానం మీవాళ్లకు కావాలని నోటితో కాదు, కాగితం మీద అడగండి. ఆ కాగితానికి జవాబు వచ్చిందో లేదో చూశాక, రెండో ఏడాది రుసుము కట్టాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది.