అత్తమ్మకు చదివి వినిపించడానికి ఏ నవలలు?

ప్రశ్న: నేను వారపత్రికల్లో సీరియళ్లు చదువుతూ పెరిగాను. పెళ్లయి దేవరకొండకు వచ్చాక చదవడం తగ్గింది గానీ, రెండేళ్లుగా రాత్రి అన్నాలయ్యాక మా అత్తమ్మకు ఏదో ఒకటి చదివి వినిపిస్తున్నాను. ఆమెకు అక్షరాలు రావు, కథ వినడమంటే మాత్రం ప్రాణం. పోయిన నెల బాగా పేరున్న ఒక పెద్ద నవల మొదలుపెడితే, నాలుగో రోజున "ఇది మన ముచ్చట గాదు బిడ్డా" అని లేచి వెళ్లిపోయింది. మన దిక్కు కథలున్న మంచి నవలలు ఏవో, వాటిలో ఏది ముందు చదవాలో, ఏది తర్వాత చదవాలో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, తెలంగాణ నవలలు ఏ వరుసలో చదవాలని ఎవరు అడిగినా అచ్చయిన సంవత్సరాల ప్రకారం చెప్పడం అలవాటు. పోటీ పరీక్షలకు చదివేవారికి ఆ వరుస సరిపోతుంది. మీరు చదువుతుంటే వినే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటుంది కనుక మీకు చెవికి నచ్చే వరుస కావాలి.

ముందుగా దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' తీసుకోండి. ఇది 1969 నాటి నవల. కథనమంతా మనకు అలవాటైన పత్రికల తెలుగులోనే సాగుతుంది, పాత్రలు నోరు విప్పితే మాత్రం మన ఊరి మాట వినిపిస్తుంది. అందువల్ల చదివే మీకూ ఇబ్బంది ఉండదు, వినే ఆమెకూ పరాయిగా తోచదు. బెజవాడ నుంచి సంగీతం తెలిసిన పాణి అనే యువకుడు నిజాం కాలపు తెలంగాణ పల్లెకు వస్తాడు. గడి (దొర ఉండే కోటలాంటి ఇల్లు), వెట్టి (కూలి ఇవ్వని చాకిరీ), దొర, కరణం అన్నీ అతనికి కొత్తే కాబట్టి, అతడు ఒక్కొక్కటి తెలుసుకుంటూ ఉంటే మనమూ అతని వెంట నడుస్తాం. ఈ నవలలో 'అడబాప' అనే మాట వస్తుంది. దొర బిడ్డకు పెళ్లి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు ఆమె వెంట పంపే దాసీ పిల్లను అలా అనేవారు. తన పెళ్లి, తన ఇల్లు అన్న ఊసు లేకుండా ఆ పిల్ల బతుకంతా గడిలోనే తెల్లవారిపోయేది. ఆ ఘట్టం చదివిన రోజున పుస్తకం అక్కడితో మూసి, మీ అత్తమ్మను మాట్లాడనివ్వండి. వాళ్ల అమ్మమ్మ నోట విన్న సంగతులు ఆమెకు గుర్తుకు రావచ్చు, అవి ఏ పుస్తకంలోనూ దొరకవు.

రెండోది వేముల ఎల్లయ్య 'కక్క'. మీరొక్కరే చదువుకునేటట్లయితే దీన్ని చివరన పెట్టమనేవాడిని. నల్లగొండ మాదిగవాడల జీవితాన్ని ఆ వాడల మాటలోనే, ఎక్కడా సాపు చేయకుండా రాసిన నవల ఇది. అచ్చులో చూస్తే ఆ మాటలు కంటికి అడ్డం పడతాయి. నేను మొదటిసారి మౌనంగా చదవబోయి ఇరవై పేజీల దగ్గరే ఆపేశాను. కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం అదే చోటు నుంచి గొంతెత్తి చదివితే, కంటికి అందని వాక్యం చెవికి ఇట్టే అందింది. ఇది చెవి కోసమే రాసిన పుస్తకమని నాకు అప్పుడు తెలిసింది. కొన్ని మాటలు మీకు అర్థం కాకపోయినా, మీ అత్తమ్మే మీకు విడమరిచి చెబుతుందని నా నమ్మకం.

ఆ తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. ఆయన 1915లో నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన మనవాడు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల సంచి తానే మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. నిజామాబాదు జైలులో తనతో పాటు ఉన్న ఆళ్వారుస్వామికే దాశరథి కృష్ణమాచార్య తన 'అగ్నిధార' కావ్యాన్ని అంకితమిచ్చారు. నవల మొదలుపెట్టే ముందు ఈ సంగతులన్నీ మీ అత్తమ్మకు కథలాగే చెప్పండి. నవలలోని దిమ్మెగూడెం నిజామాబాదు వైపు పల్లె అయినా, దొర ఆగడాలూ, వాటికి ఎదురు నిలిచే కంఠీరవం కథా ఆమెకు కొత్తగా తోచవు. నడుమ కొన్నిచోట్ల చర్చలు పొడుగ్గా సాగుతాయి, ఆ పేజీలు మీరు పగలు చదువుకుని రాత్రి నాలుగు మాటల్లో చెబితే చాలు. ఆయన రెండో నవల 'గంగు'ను మాత్రం ఆమె దగ్గర మొదలుపెట్టకండి. అది పూర్తి కాకుండానే ఆయన 1961లో కన్నుమూశారు, కథ నడుమన ఆగిపోతే వినేవారికి కష్టంగా ఉంటుంది. తెలంగాణ బతుకును నవలల్లో చెప్పాలని ఆయన మొదలుపెట్టిన పనిని ముందుకు తీసుకుపోయింది రంగాచార్యే కాబట్టి, ఆ కాలం తర్వాత ఏమైందని ఆమె అడిగితే 'మోదుగుపూలు', 'జనపదం' చదవండి.

వరుసగా ఇంత దుఃఖం విన్నాక కాస్త వేరే రుచి కావాలంటే పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి' ఉంది. గుడ్డెలుగును ఆడించి పొట్ట పోసుకునే ఇమాం కుటుంబం కథ ఇది. ఆ ఆట నేరమైన రోజుల్లో, సొంత బిడ్డలాగా సాకిన జంతువును ఏం చేయాలన్నదే ఆ ఇంట్లో తగువు. ఇది సిరిసిల్ల వైపు రచయిత రాసిన నవలే అయినా, ఎలుగుబంటిని పట్టుకుని ఊళ్లు తిరిగే మనుషులను చిన్నప్పుడు చూసినవారికి ఆ సన్నివేశాలు కళ్లకు కడతాయి. ఇందులో కూడా దుఃఖం లేకపోలేదు గానీ, మనిషికీ జంతువుకూ నడుమ ఉండే మాలిమి దీన్ని పూర్తిగా వేరే కథగా మార్చింది. చివరి అధ్యాయాన్ని మాత్రం మీరు ముందుగా ఒకసారి చదివి పెట్టుకోండి, లేకపోతే చదువుతూ చదువుతూ మీ గొంతే ఆగిపోతుంది.

ఈ పుస్తకాల కోసం ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనూ, నల్లగొండ జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ అడిగి చూడండి. హైదరాబాదుకు వచ్చే పని ఉంటే నవచేతన పుస్తకాల షాపులో రంగాచార్య, ఆళ్వారుస్వామి నవలల కోసం అడగండి. రాత్రిపూట లైటు కింద చదువుతారు కనుక, పాత ప్రతి కంటే అక్షరాలు పెద్దగా ఉన్న కొత్త ముద్రణనే ఎంచుకోండి.